గర్భసంచి జారినవాళ్ళు ఎలా కూర్చోవాలి, దేనిమీద కూర్చోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలన్నీ నన్ను వంటింట్లోనో, బస్టాపులోనో, పెళ్ళిభోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోటో అడిగినవి. ఒక్కరు కూడా గొంతు పెంచి అడగలేదు. నేను డాక్టర్ని కాను. రెండో కాన్పు తర్వాత నాకు మూత్రసంచి జారింది, స్టేజి 2 అన్నారు. నాది రోజుకు ఎనిమిది గంటలు కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం. డాక్టరూ ఫిజియోథెరపిస్టూ చెప్పినవి, చదివి తెలుసుకున్నవి, నా ఒంటిమీద నేనే పరీక్షించుకున్నవి కలిపి రాస్తున్నాను.

అసలు జారేది ఏమిటి?

ఒక్క గర్భసంచే కాదు. వాడుకలో అన్నిటికీ కలిపి ‘గర్భసంచి జారింది’ అనేస్తాం. ముందువైపు నుంచి మూత్రసంచి, వెనకవైపు నుంచి మలాశయం కూడా యోనిలోకి ఒత్తుకురావచ్చు. కటి ఎముకల గిన్నెకు అడుగున ఉయ్యాలగుడ్డలా పరుచుకున్న కండరాలుంటాయి. అవి సాగినా, అవయవాలను పట్టుకుని ఉండే బంధాలు వదులైనా ఇది వస్తుంది. కాన్పులు, అందులోనూ ఫోర్సెప్స్ (బిడ్డ తలను పట్టి లాగే పటకారు) వేసిన కాన్పులు, ఏళ్ళ తరబడి మలబద్ధకం, తగ్గని దగ్గు, బరువులు మోసే పని, ఊబకాయం, ముట్లుడిగే వయసు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. చాలామందిలో రెండు మూడు కలిసే ఉంటాయి. డాక్టర్లు 0 నుంచి 4 దాకా స్టేజీలు చెబుతారు. 2 అంటే జారిన భాగం కొస యోనిద్వారం దగ్గర ఒక సెంటీమీటరు లోపలో బయటో ఉందని అర్థం.

కూర్చుంటే ఇంకా కిందికి జారిపోతుందా?

ఈ భయంతో నెలల తరబడి నిలబడే అన్నీ చేసుకున్న ఆవిడ నాకు తెలుసు. ఆ నిలబడడంతోనే ఆవిడకు కింద బరువుగా అనిపించడం ఎక్కువైంది. పడుకున్నప్పటికంటే కూర్చున్నప్పుడు పొట్టలో ఒత్తిడి ఎక్కువే. కానీ గట్టిగా దగ్గడం, తుమ్మడం, దొడ్డికి ముక్కడం, నిండు బిందె ఎత్తడం, వీటి ముందు అదెంత! గ్యాస్ సిలిండర్లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే దాదాపు 30. దాన్ని ఊపిరి బిగపట్టి పక్కకు జరిపిన ఆ ఒక్క క్షణానికి భయపడండి, గంటసేపు కుర్చీలో కూర్చున్నందుకు కాదు.

మరి కూర్చుంటే గుడ్డు మీద కూర్చున్నట్టు ఎందుకుంటుంది?

జారిన భాగం కింది నుంచి ఆనుతుంది కాబట్టి. గంటల తరబడి కదలకపోతే అక్కడ నిండుగా, బరువుగా కూడా అనిపిస్తుంది. పొద్దున లేచినప్పుడు ఏమీ ఉండదు, సాయంత్రం నాలుగయ్యేసరికి ‘ఉంది’ అని తెలుస్తుంది. పడుకుంటే సర్దుకుంటుంది. దీనికిది మామూలే. సాయంత్రం ఎక్కువగా తెలిసిందంటే ఆరోజు జబ్బు ముదిరిందని కాదు.

‘సరిగ్గా కూర్చోవడం’ అంటే ఎలా?

కుర్చీలో కూర్చుని, అరచేతులు పైకి పెట్టి పిర్రల కిందికి తోయండి. రెండు గట్టి ఎముకలు చేతికి తగులుతాయి. ఒంటి బరువు వాటిమీద పడాలి. ఇప్పుడు నడుము వంచి కూలబడి చూడండి, ఆ ఎముకలు ముందుకు జారిపోయి బరువంతా వెన్ను చివరి ఎముక మీదకు వస్తుంది. మనం టీవీ ముందు కూర్చునేది సరిగ్గా అలాగే. అలా కూలబడ్డప్పుడు పొట్ట మడతపడుతుంది, కటి కండరాలు పని మానేసి నిద్రపోతాయి. పిల్లల్ని కన్న ఆడవాళ్ళ మీద చేసిన పరిశీలనలో కూడా, కూలబడి కూర్చున్నప్పటికంటే ఆసరా లేకుండా నిటారుగా కూర్చున్నప్పుడు ఈ కండరాలు ఎక్కువ పనిచేస్తున్నట్టు తేలింది.

అలాగని టీచరు తిట్టినప్పుడు స్కూల్లో కూర్చున్నట్టు బిర్రబిగుసుకోకండి. ఛాతీ ఎగబొడిచి, పొట్ట లోపలికి పీల్చి కూర్చుంటే ఆ ఒత్తిడి మళ్ళీ కిందికే పోతుంది. పొట్ట వదిలెయ్యాలి. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకలు పక్కలకు విచ్చుకోవాలి. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. మోకాళ్ళు తుంటికి సమానంగానో కాస్త కిందుగానో ఉంటే నడుము తనంతట తనే నిలబడుతుంది. నిలబడకపోతే నడుము ఒంపులో చిన్న టవలు చుట్టి పెట్టుకోండి, చాలు.

ఇంకోటి. ఎంత మంచి కూర్చునే తీరైనా గంటన్నర ఉంటే చెడ్డదే. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. నేనైతే మంచినీళ్ళ సీసా టేబులు మీద పెట్టుకోవడం మానేశాను. తాగాలంటే లేవాల్సిందే.

కాలు మీద కాలు వేసుకోకూడదా?

వేసుకోండి, కాసేపు. దానివల్ల ఏదీ జారిపోదు.

ఏ కుర్చీ కొనాలి?

చాలామంది ఈ ప్రశ్నతోనే వస్తారు, డబ్బు సిద్ధం చేసుకుని. కొనకముందు ఇంట్లో ఉన్నవాటిని పరీక్షించండి.

అన్నిటికంటే చెడ్డది మెత్తటి సోఫా. లోపలికి దిగిపోతాం, మోకాళ్ళు తుంటికంటే పైకి వస్తాయి, నడుము గుండ్రమవుతుంది, పైకి లేవాలంటే ఊపిరి బిగపట్టి ముక్కాల్సిందే. సోఫాయే దిక్కయితే అంచుకు దగ్గరగా కూర్చుని వెనక రెండు గట్టి దిండ్లు వేసుకోండి.

ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో పల్లంగా ఉంటుంది. వెనకవైపు వాలు కూడా ఎక్కువ. ఫంక్షన్ హాల్లో రెండు గంటలు కూర్చున్నాక ఒళ్ళు ఎందుకంత బరువెక్కేదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఒక బొంత ముక్కనో, పాత చీరనో నాలుగు మడతలు పెట్టి ఆ పల్లంలో వెనకవైపు ఎత్తుగా ఉండేలా వేసుకుంటే సమమవుతుంది. నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక చిన్న టవలు ఉంటుంది. ఎవరైనా చూస్తే చెమట తుడుచుకోవడానికే అనుకుంటారు.

ఇంట్లో అన్నిటికంటే బాగా పనికొచ్చింది అమ్మమ్మగారి నాటి చెక్క కుర్చీ. సీటు గట్టిగా, చదునుగా ఉంటుంది, పట్టుకుని లేవడానికి చేతులుంటాయి. దానిమీద రెండంగుళాల గట్టి దిండు వేశాను. దిండు ఎంచుకునేటప్పుడు చిన్న కిటుకు ఉంది. మీరు కూర్చున్నాక అది సగానికంటే ఎక్కువ అణిగిపోతే మీకు పనికిరాదు.

ఆఫీసు కుర్చీకి ఎత్తు మార్చుకునే వీలుండాలి. వెనక్కి ఆనుకుని కూర్చున్నాక మోకాలి వెనకకూ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి. పొట్టివాళ్ళకు చాలా కుర్చీలు లోతెక్కువ, పాదాలు నేలకందవు. వెనకొక దిండు, కాళ్ళకిందొక పీట పెట్టుకుంటే సరి. ఎన్నో వేలు పోసి కొన్న కుర్చీ కంటే ఆ పీటే నాకు ఎక్కువ మేలు చేసింది.

మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి దిండు వాడొచ్చా?

కాన్పు కుట్లకీ, మొలలకీ ఇస్తారు కదా అని దీనికీ కొంటుంటారు. కొందరికి హాయిగానే ఉంటుంది. కానీ చుట్టూ ఆసరా ఉండి మధ్యలో ఏమీ లేకపోతే, ఆ ఖాళీలోకి వేలాడినట్టు అనిపించి బరువు ఎక్కువయ్యేవాళ్ళూ ఉన్నారు. నేను రెండో రకం. కొనకముందు రెండు టవళ్ళను విడివిడిగా చుట్టి, ఒక్కో తొడ కింద ఒకటి పెట్టుకుని పది నిమిషాలు కూర్చోండి. ఆ ఖాళీ బాగుందా? తర్వాత ఒకే టవలు మెత్తగా చుట్టి, రెండు కాళ్ళ మధ్య నిలువుగా వేసుకుని కూర్చోండి. కింది నుంచి ఎవరో అరచేత్తో పట్టుకున్నట్టుంటుంది. ఏది నప్పితే అదే మీది. నొప్పిగానీ మంటగానీ ఉంటే రెండూ వద్దు.

జిమ్ముల్లో ఉండే పెద్ద బంతి మీద కూర్చుంటే కండరాలు గట్టిపడతాయంటారే?

పది నిమిషాల వ్యాయామానికి సరే. ఆఫీసు కుర్చీకి బదులుగా వద్దు.

కింద కూర్చోవచ్చా? మా అత్తగారు కూర్చోమంటారు, డాక్టరు వద్దంటారు.

ఇద్దరి మాటలోనూ సగం సగం నిజం ఉంది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం వల్ల గర్భసంచి జారదు. అలాగని కింద కూర్చుంటే జారింది పైకి పోతుందన్నది కూడా ఉత్తమాటే. చిక్కంతా రెండు చోట్ల ఉంది. ఒకటి, వట్టి నేల మీద బాసింపట్టు వేస్తే చాలామందికి నడుము వెనక్కి కూలబడుతుంది. రెండోది, లేచేటప్పుడు.

మొదటిదానికి మందు పీట. మూడు నాలుగు అంగుళాల ఎత్తున్న పీటగానీ, మడిచిన దుప్పటిగానీ పిర్రల కింద మాత్రమే వేసి, కాళ్ళు నేలమీద ఉంచండి. తుంటి మోకాళ్ళకంటే పైకి వస్తుంది, వెన్ను నిలబడుతుంది. వ్రతానికి రెండు గంటలు కూర్చోవాల్సి వస్తే గోడ దగ్గర చోటు చూసుకోండి. మధ్యలో కాసేపు వజ్రాసనం వేయొచ్చు, మడమల మధ్య దిండు పెట్టుకుని. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దాని జోలికి పోవద్దు.

గొంతుక్కూర్చోవడం వేరే సంగతి. ఒక నిమిషం, రెండు నిమిషాలు ఫర్వాలేదు. గంటసేపు గొంతుక్కూర్చుని గిన్నెలు తోమడం, బట్టలు ఉతకడం, ఆ పనిలోనే తడిబట్టల బకెట్టు ఎత్తడం బరువు పెంచుతాయి. చిన్న స్టూలు వేసుకోండి.

రోజంతా కింద కూర్చుని చేసే పని నాది. కుర్చీ కుదరదు. ఏం చేయాలి?

నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళను చూస్తే ఈ ప్రశ్న ఎంత బరువైందో తెలుస్తుంది. ఒడిలో చేట, చేటలో తునికాకు, తంబాకు. తల వంచితే వెయ్యి బీడీల లెక్క తేలేదాకా ఎత్తరు. వాళ్ళకు ‘అరగంటకోసారి లేచి నడవండి’ అనడం తేలిక, ఆ లేచిన నిమిషాలకు కూలి ఎవరిస్తారు?

లేవకుండా చేయగలిగినవి కొన్నున్నాయి. చేట ఒడిలో కాకుండా ఎత్తుపీట మీద పెడితే అంతగా వంగక్కర్లేదు. కూర్చున్న చోట పిర్రల కింద గట్టి బొంత వేసుకుని, గోడకు ఆనాలి. ఒక కట్ట అయ్యాక కాళ్ళు మార్చాలి, బాసింపట్టు నుంచి కాళ్ళు చాపడం, ఆ తర్వాత ఒక మోకాలు పైకి. మధ్యాహ్నం అన్నం తిన్నాక పావుగంట వెల్లకిలా పడుకుని తుంటి కింద దిండు పెట్టుకుంటే సాయంత్రం దాకా ఊరట ఉంటుంది. కత్తిపీట మీద కుప్పలుగా కూరగాయలు తరిగేవాళ్ళకీ, మగ్గం పనిలో కండెలు చుట్టేవాళ్ళకీ ఇవే వర్తిస్తాయి.

లేచేటప్పుడే ఏదో బయటికి వచ్చినట్టవుతుంది. ఎలా లేవాలి?

ఈ పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.

కుర్చీలో ముందు అంచుదాకా జరగండి. పాదాలు మోకాళ్ళకంటే కాస్త వెనక్కి తీసుకోండి. ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకు వంగండి. ఇప్పుడు మూత్రం ఆపుకున్నట్టు కింద బిగించి, నోటితో ఊపిరి వదులుతూ లేవండి. వేడి పాలు ఊదినట్టు, అంతే. ‘అమ్మా’ అంటూ లేస్తామే, అది నిజానికి మంచి అలవాటు. మాట బయటికి వస్తోందంటే ఊపిరి బిగపట్టలేదని.

నేల మీంచి లేవాలంటే ముందు ఒక పక్కకు ఒరిగి, చేతులు నేలకానించి, మోకాళ్ళ మీదికి రండి. పక్కన కుర్చీనో మంచమో పట్టుకుని ఒక పాదం ముందుకు వేయండి. ఊదుతూ లేవండి. సగంలో ఊపిరి అందకపోతే ఆగి మళ్ళీ పీల్చుకోండి, తొందరేముంది? చంటిపిల్లను చంకనెత్తుకుని లేవడం మాత్రం వద్దు. మీరు లేచాక పిల్లను ఎవరైనా అందించాలి.

మామూలు టాయిలెట్ మంచిదా, వెస్టర్న్ మంచిదా?

గొంతుక్కూర్చుంటే మలద్వారం దారి తిన్నగా అవుతుంది, కాబట్టి ముక్కకుండానే పనవుతుంది. ఆ లెక్కన మన టాయిలెట్ మంచిదే. కానీ మోకాళ్ళు సహకరించక, గోడ పట్టుకుని వేలాడుతూ కూర్చునేవాళ్ళకు వెస్టర్నే నయం. కాళ్ళ కింద ఆరు నుంచి తొమ్మిది అంగుళాల పీట పెట్టుకుని, ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించి, పొట్ట వదిలేసి కూర్చోండి. బోర్లించిన బకెట్టు పీటకు బదులు పనికిరాదు, అది మరీ ఎత్తు, జారుతుంది కూడా.

ముక్కొద్దు. రాకపోతే లేచి వచ్చేయండి. ‘హా’ అని నోరు తెరిచి ఊపిరి వదిలితే కింద కండరాలు వదులవుతాయి. మలాశయం ఒత్తుకొచ్చినవాళ్ళు కొందరు యోనికీ మలద్వారానికీ మధ్య వేళ్ళతో ఆనించి పట్టుకుంటేగానీ వెళ్ళలేరు. సిగ్గుపడాల్సిందేమీ కాదు. డాక్టరుకు చెప్పండి, ఆమె రోజూ వినే మాటే అది.

మూత్రసంచి జారినవాళ్ళలో కొందరికి అది పూర్తిగా ఖాళీ అవదు. పోసాక లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, ముందుకూ వెనక్కీ ఊగి ఇంకోసారి ప్రయత్నించండి. బయటి టాయిలెట్లలో సీటుకు తగలకుండా గాల్లో కూర్చునే అలవాటు మనలో చాలామందికి ఉంది. అలా ఉంటే కండరాలు వదులవవు, మూత్రం లోపలే మిగులుతుంది. కాగితం పరిచి కూర్చోండి.

బాలింతను. రోజుకు పదిసార్లు కూర్చుని పాలివ్వాలి.

సగం సార్లు పక్కకు పడుకుని ఇవ్వండి. కూర్చున్నప్పుడు వీపుకు గోడ ఉండాలి, ఒడిలో దిండు వేసి పిల్లను రొమ్ముదాకా పైకి తేవాలి. మీరు పిల్లమీదికి వంగొద్దు. నడికట్టు మరీ బిగించి కట్టించుకోవద్దు, పొట్టను నొక్కితే ఒత్తిడి కిందికే దారి చూసుకుంటుంది. పావడా బొందుకూ అదే మాట.

పథ్యం పేరుతో నీళ్ళు తక్కువ ఇచ్చే ఇళ్ళున్నాయి. పాలిచ్చే తల్లికి నీళ్ళు తగ్గిస్తే దొడ్డి గట్టిపడుతుంది, ఆ తర్వాత ముక్కడమే. నా మొదటి కాన్పులో జరిగింది ఇదే. ఇప్పుడు మా చెల్లెలి కాన్పుకు వెళ్ళినప్పుడు మంచం పక్కన చెంబు పెట్టి కాపలా కూర్చున్నాను. పాలిచ్చే నెలల్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను తక్కువగా ఉండి అక్కడ పొడిగా, వదులుగా అనిపిస్తుంది. పాలు మాన్పించాక చాలామందికి కొంత నయమవుతుంది.

బండి మీద, బస్సులో?

బండి వెనక ఒకవైపుకు కూర్చుంటే నడుము మెలిపడుతుంది, గతుకు వచ్చినప్పుడు ఆనడానికి పాదాలకు సరైన చోటుండదు. చుడీదారులో రెండువైపులా కాళ్ళు వేసి కూర్చుంటే గతుకు వచ్చినప్పుడు పాదాల మీద కొంచెం లేవొచ్చు. చీరే తప్పదంటే బండి నడిపేవాళ్ళను మెల్లగా పొమ్మనండి, ఏమనుకుంటారోనని ఊరుకోవద్దు.

బస్సులో వెనక చక్రాల మీది సీట్లూ, చివరి వరసా ఎత్తేస్తాయి. మధ్య సీట్లు చూసుకోండి. కారు సీటు వెనక్కి కొద్దిగా వాల్చి, నడుము దగ్గర టవలు పెట్టుకుంటే చాలు. కూతురి కాన్పుకు అమెరికా వెళ్ళే అమ్మలకు ఒక్క మాట: నడవా పక్క సీటు అడగండి, గంటకోసారి లేవండి, పెద్ద పెట్టెలు పైన పెట్టే పని వేరేవాళ్ళకు వదిలేయండి.

కూర్చునే కీగల్ వ్యాయామం చేయొచ్చా?

కీగల్ అంటే కటి కండరాలను బిగించి వదలడం. కూర్చుని చేయొచ్చు. కానీ కొత్తవాళ్ళు పడుకుని మొదలుపెట్టడం తేలిక. సరిగ్గా చేస్తున్నామా అని ఒకసారి ఫిజియోథెరపిస్టు దగ్గర చూపించుకోవాలి, ఎందుకంటే బిగించబోయి కిందికి నెట్టేవాళ్ళు తక్కువేం కాదు. బ్రిటన్, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో 447 మంది మీద చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కొక్కరికీ విడిగా నేర్పించిన వాళ్ళకు ఏడాది తర్వాత బాధలు తగ్గినట్టు తేలింది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం వ్యాయామం కాదు, దాన్ని అలవాటు చేసుకోకండి.

పెసరీ రింగు వేశారు. కూర్చుంటే గుచ్చుకుంటుందా?

జారినదాన్ని పైకి ఆపి ఉంచడానికి యోనిలో పెట్టే రింగు అది. సరైన సైజైతే ఉందని కూడా తెలియకూడదు. కూర్చున్నప్పుడు తెలుస్తోందంటే సైజు మార్చాలి. ఓర్చుకోకండి, వెనక్కి వెళ్ళండి.

నాకు గర్భసంచి తీసేసి పదేళ్ళయింది. మరి నాకెందుకు జారినట్టుంటుంది?

మన రెండు రాష్ట్రాల్లో ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్ళ వాటాలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందు వరసలో ఉన్నాయి. గర్భసంచి తీసినా మూత్రసంచి, మలాశయం ఉంటాయి, యోని పైకప్పు ఉంటుంది, అవీ జారతాయి. కూర్చోవడం గురించి పైన రాసినవన్నీ మీకూ వర్తిస్తాయి. జారిన ప్రతివాళ్ళకూ గర్భసంచి తీయాల్సిన అవసరమూ లేదు. ఆపరేషన్ అని మొదటిరోజే అంటే ఇంకో గైనకాలజిస్టుకు చూపించుకోండి.

కూర్చునే పద్ధతి మార్చినా తగ్గకపోతే?

మూత్రం అసలు రాకపోయినా, ముట్లుడిగాక రక్తం కనిపించినా, బయటికొచ్చిన భాగం బట్టకు ఒరుసుకుని పుండైనా, లోపలికి వెళ్ళకపోయినా, జ్వరం వచ్చినా దిండ్లతో కాలక్షేపం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. కూర్చున్నప్పుడు సీటుకు ఆనే ఒంటిభాగం తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోతే అదే రోజు వెళ్ళాలి.

పేరంటంలో అందరూ కింద కూర్చుంటే నాకు మాత్రం కుర్చీ ఎలా అడగను? ఎందుకని అడుగుతారు కదా.

మోకాళ్ళ నొప్పి అనండి. నేను నాలుగేళ్ళుగా అదే చెబుతున్నాను. మొన్నొక పేరంటంలో నా పక్కన ఇంకో కుర్చీ వేయించుకుని ఒకావిడ కూర్చుంది. వయసు ముప్పయ్యయిదు కూడా ఉండదు. ‘మీక్కూడా మోకాళ్ళేనా అక్కా?’ అంది. ఆవిడ ఒళ్ళో మడతపెట్టిన టవలు ఉంది.